పసిపిల్లల పనుల్లో, పెరటి చెట్ల నీడలో దేవుణ్ని చూడటం: చిన్నపిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

రెండో బిడ్డ పుట్టాక ఎనిమిది నెలల పాటు నా బైబిల్ బీరువా మీదే ఉండిపోయింది. అంతకుముందు తెల్లవారుజామున 5 గంటలకు లేచి మూడు అధ్యాయాలు చదివి, అరగంట మోకాళ్ల మీద ఉండేదాన్ని. ఇప్పుడు సరిగ్గా అదే 5 గంటలకు చిన్నవాడు పాల కోసం లేస్తున్నాడు. వాణ్ని పడుకోబెట్టేలోగా పెద్దది లేస్తుంది. ఇక రాత్రి వరకు నా చేతులు ఖాళీగా ఉండవు. స్త్రీల కూడికలో ఎవరైనా "ఈ వారం ఏం ధ్యానించావమ్మా?" అని అడిగితే తల దించుకునేదాన్ని. దేవుడికి దూరమైపోతున్నానేమోనని లోపల ఒకటే టెన్షన్.

ఒక ఉదయం పెరటి గడప మీద కూర్చుని చిన్నవాడికి ఇడ్లీ తినిపిస్తున్నాను. వాడు తినేది ఒక ముక్క, కింద పడేసేది రెండు. జామచెట్టు మీది నుంచి కాకి దిగి, కింద పడిన ముక్క ఎత్తుకుని గోడ మీదికి ఎగిరింది. అక్కడ దాని పిల్ల రెక్కలు ఆడిస్తూ, నోరంతా తెరిచి అరుస్తోంది. తల్లికాకి ఆ ముక్క దాని నోట్లో పెట్టింది. చిన్నవాడు అది చూసి కిలకిలా నవ్వి, తనూ అలాగే నోరు తెరిచాడు. నేనూ పెట్టాను. "అరచుచుండు పిల్లకాకులకు" దేవుడు ఆహారమిస్తాడని 147వ కీర్తనలో ఉంది. సండే స్కూల్లో నేర్చుకున్న మాటే. కానీ గోడ మీద కాకి, గడప మీద నేను, పైన దేవుడు ముగ్గురం చేస్తున్నది ఒకటే పని అని నాకు ఆ రోజే తట్టింది. ప్రార్థనకు దూరమయ్యానని ఎనిమిది నెలలు ఏడ్చిన చోటే ఆయన ఉన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో నెమ్మదిగా కుదురుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. పుట్టిన బిడ్డ నుంచి ఆరేడేళ్ల పిల్లల వరకు ఇది సరిపోతుంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి రెండు అడుగులకే ఒక నెల ఇవ్వండి.

అడుగు 1: పిల్లల పనులు, దేవుడి పనులు పక్కపక్కన రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని ఎడమ పక్కన మీరు రోజూ బిడ్డకు చేసే పనులు రాయండి. కుడి పక్కన, అదే పని దేవుడు చేసినట్టు బైబిల్లో ఎక్కడుందో రాయండి. నేను ఇలా రాసుకున్నాను:

నడక నేర్పడం: ఎఫ్రాయిమును చెయ్యి పట్టుకుని నడక నేర్పింది నేనే అంటాడు (హోషేయ 11:3).
బట్టలు తొడగడం: ఆదాము హవ్వలకు చొక్కాయిలు చేయించి తొడిగించాడు (ఆదికాండము 3:21).
స్నానం చేయించడం: నీళ్లతో నిన్ను కడిగాను అంటాడు (యెహెజ్కేలు 16:9).
ఎత్తుకుని తిరగడం: తల నెరిసే వరకు ఎత్తుకుంటాను అంటాడు (యెషయా 46:4).
ఏడుపు ఆపడం: తల్లి ఆదరించినట్టు ఆదరిస్తాను అంటాడు (యెషయా 66:13).
రాత్రి మేలుకోవడం: కునుకడు, నిద్రపోడు (కీర్తన 121:4).
టిఫిన్ చేసి పెట్టడం: తిరిగి లేచిన యేసు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రండి భోజనం చేయండి అన్నాడు (యోహాను 21).

ఈ చివరిది చూసి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మరణాన్ని గెలిచి వచ్చినవాడు, రాత్రంతా వల వేసి అలసిపోయిన వాళ్లకు పొద్దున్నే తిండి సిద్ధం చేశాడు. పొయ్యి ముందు నిలబడి విసుగొచ్చిన రోజున ఈ ఒక్క మాట నన్ను నిలబెడుతోంది.

కాగితాన్ని ఫ్రిజ్ మీదో, వంటింటి గోడకో అతికించండి. వారానికి ఒక్క పని చాలు. ఈ వారం నడక అనుకుంటే, బిడ్డ చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ ఆ ఒక్క మాట గుర్తు చేసుకోండి. వచ్చే వారం ఇంకొకటి.

అడుగు 2: ప్రతి పనికీ ఒక్క ముక్క ప్రార్థన

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అరగంట వరసగా దొరకదు. అర నిమిషాలు మాత్రం బోలెడు దొరుకుతాయి. అందుకే ప్రార్థనను పనికి ముడిపెట్టాలి. గిన్నె మీద మూత పెట్టినట్టు, ఆ పని వస్తే ఆ మాట దానంతట అదే రావాలి.

పాలిచ్చేటప్పుడు: "తండ్రీ, వీడి ఆకలి నాకు తెలిసినట్టే నా ఆకలి నీకు తెలుసు."
గుడ్డలు మార్చేటప్పుడు: "నన్నూ ఇలాగే శుభ్రం చెయ్యి ప్రభువా."
రాత్రి 2 గంటలకు లేచినప్పుడు: "నువ్వూ మేలుకునే ఉన్నావు కదా."

మాటలు మీవే పెట్టుకోండి. కీర్తనల పుస్తకంలోని పల్లవి ఒకటి హమ్ చేసినా ప్రార్థనే. మా అమ్మమ్మ పసిపిల్లలకు కాళ్ల మీద నీళ్లు పోస్తూ పాత కీర్తనలే పాడేది. సున్నిపిండి వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ రాగాలే గుర్తొస్తాయి. ఆవిడ కూర్చుని మాకు నేర్పింది తక్కువ. చెవిన పడ్డదే ఎక్కువ.

స్నానం తర్వాత సాంబ్రాణి వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది కదా. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన మూడు కానుకల్లో సాంబ్రాణి ఒకటి (మత్తయి 2:11). మన కొట్లో దొరికేదీ ఆ కాలంలో వాళ్లు తెచ్చిందీ ఒకే చెట్టు బంక కాకపోవచ్చు, అయినా ఆ పేరు వింటే పెద్దది "బాలయేసుకి కూడా వేశారా?" అని అడుగుతుంది. ఒక జాగ్రత్త: పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. బిడ్డ లేని గదిలో వేసి, పొగ పూర్తిగా పోయాకే లోపలికి తీసుకెళ్లండి.

అడుగు 3: పెరట్లో ఒక చోటు చూసుకోండి

పెద్ద తోట అక్కర్లేదు. చాప పరిచేంత నీడ చాలు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు కుండీలున్నా ఈ పని జరుగుతుంది. పరదేశంలో ఉన్న తెలుగువాళ్లు తమ గుమ్మం ముందుకొచ్చే ఉడుతతో మొదలుపెట్టొచ్చు. కావాల్సినవి నాలుగే:

మట్టి మూకుడు ఒకటి, పక్షుల నీళ్ల కోసం. అంగుళం లోతు నీళ్లు చాలు. నీడలో, పిల్లికి అందని ఎత్తులో పెట్టండి. నీళ్లు రోజూ పారబోసి, మూకుడు రుద్ది కడిగి మళ్లీ నింపాలి. నిలవ ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి.

కరివేపాకు మొక్క లేదా నిమ్మ మొక్క ఒకటి. ఎందుకో కింద చెప్తాను.

చంద్రకాంత మొక్క ఒకటి. సాయంత్రం నాలుగైదు గంటలకు పూలు విప్పుకుంటాయి, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి. మా ఇంట్లో ఇదే ప్రార్థన గంట. "అమ్మా, చంద్రకాంత విచ్చింది!" అని పెద్దది అరిస్తే అందరం బయటికి వస్తాం. మిరియాల్లాంటి దాని నల్ల గింజలు మాత్రం విషం, పసిపిల్లల నోట్లోకి పోకుండా ఏరి పారేయండి.

పోపుల డబ్బాలోంచి గుప్పెడు ఆవాలు, మెంతులు.

పిల్లలు తిరిగే పెరట్లో గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఉంటే తీసేయండి లేదా కంచె కట్టండి. కట్టెల కుప్పలు, పాత ఇటుకలు ఉంటే తేళ్లు, పాములు చేరతాయి, ముఖ్యంగా వానాకాలంలో. నీళ్ల తొట్టి మీద మూత తప్పనిసరి. ఏడాది పిల్లలకు బకెట్ నీళ్లు కూడా ప్రమాదమే. ఎండాకాలంలో మా గుంటూరు వైపు పదింటికే నేల కాలిపోతుంది కాబట్టి పొద్దున 8 లోపు, సాయంత్రం 5 దాటాక మాత్రమే బయటికి వెళ్తాం.

అడుగు 4: ముందు చూడండి, వాక్యం తర్వాత

ఈ మార్గదర్శి మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కదాని గురించే. చీమ కనపడగానే "చూశావా, సోమరిగా ఉండకూడదు" అని పాఠం మొదలుపెట్టకండి. మొదట్లో నేను చేసిన తప్పు అదే. నెల తిరిగేసరికి పెద్దది చీమల బారు కనపడితే నన్ను పిలవడం మానేసింది. పిలిస్తే పాఠం చెప్తానని దానికి తెలిసిపోయింది.

ప్రభువు "ఆకాశపక్షులను చూడుడి" అన్నాడు. చూడమనడం కూడా ఆజ్ఞే కదా. అందుకే మొదటి పది నిమిషాలు ఊరికే చూడాలి. ఫోన్ లోపలే ఉండాలి. పిల్లల పక్కన చతికిలబడి, వాళ్ల కళ్ల ఎత్తుకు వంగి, వాళ్లు చూస్తున్నదే చూడండి. మీరు చూపించాలనుకున్నది కాదు. మందారం చూపిద్దామని తీసుకెళ్తే వాడు మందారం కింద రాలిన ఎండుటాకును పట్టుకుని కూర్చుంటాడు. ఆ ఆకునే చూడండి.

మాట్లాడాలనిపిస్తే ప్రశ్నే అడగండి. "ఇది ఎక్కడికి పోతోంది?" "దీనికి ఎన్ని కాళ్లు?" "నిన్న ఇంతే ఉందా?" జవాబు మీకు తెలిసినా తొందరపడి చెప్పొద్దు. ఏడాదిన్నర పిల్లాడికైతే ప్రశ్న కూడా అక్కర్లేదు. వాడు వేలు చూపించి "అదీ!" అంటాడు, మీరూ "అదీ!" అనండి. సృష్టి చూసి మంచిదని దేవుడు అన్నది కూడా అలాంటి మాటే అని నాకు అనిపిస్తుంది.

అడుగు 5: ఏడాది పొడవునా చూడాల్సినవి

*పొదిగే కోడి.* మా అమ్మ వాళ్ల ఊళ్లో నాటుకోళ్లున్నాయి. ఒక వేసవిలో మేం వెళ్లిన వారానికే పెట్ట పొదుగు మీద కూర్చుంది. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీయమని పెద్దదానికి చెప్పాను. ఇరవై ఒక్క గీతలు పడాలి. కోడి రోజులో ఒకసారి, కాసేపు మాత్రమే దిగి గింజలు తిని, నీళ్లు తాగి, మళ్లీ పరుగున వచ్చి కూర్చుంటుంది. ముక్కుతో గుడ్లు తిప్పుతుంది. ఆ మూడు వారాల్లో అది సగానికి సగం చిక్కిపోయినట్టు కనపడింది. అప్పటికి నేను చిన్నవాడితో ఐదో నెల గర్భవతిని. దాని వైపు చూస్తుంటే నాకు ఒక తోడు దొరికినట్టుండేది.

ఏడెనిమిదో రోజు రాత్రి, చీకట్లో ఒక గుడ్డును టార్చి ముందు పెట్టి చూపించింది మా అమ్మ. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యలో చిన్న నల్లటి చుక్క. పెద్దది ఊపిరి బిగబట్టి చూసింది. ఆ తర్వాత నా పొట్ట వైపు చూసి "తమ్ముణ్ని కూడా ఇలా ఎవరైనా చూస్తున్నారా?" అంది. నేను పిండమై ఉండగా నీ కన్నులు నన్ను చూసెను అన్న 139వ కీర్తన నాకు అంతకంటే బాగా ఎవరూ వివరించలేదు. "దేవుడు చూస్తున్నాడు" అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

పిల్లలు బయటికి వచ్చాక అసలైన సంబరం. ఒక మధ్యాహ్నం గద్ద నీడ పడింది. కోడి ఒక్క కేక వేసి రెక్కలు విప్పింది. అంతే, పిల్లలన్నీ మాయం. పెద్దది కాసేపు చూసి "అమ్మా! కోడికి చాలా కాళ్లొచ్చాయి!" అని అరిచింది. యెరూషలేము వైపు చూసి యేసు చెప్పిన మాట ఆ రాత్రి పడుకునేటప్పుడు చెప్పాను: కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు మిమ్మల్ని చేర్చుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను, మీరు ఒప్పుకోలేదు (మత్తయి 23:37). "ఎందుకు ఒప్పుకోలేదు? బయట గద్ద ఉంది కదా?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను ఇంకా మోస్తూనే ఉన్నాను.

మీ దగ్గర కోడి లేకపోతే ఊరికెళ్లినప్పుడు చూపించండి. గుడ్డు పగులుతున్నప్పుడు పెంకు ఒలిచి సాయం చేయబోతారు పిల్లలు. ఆపండి. లోపలి పిల్ల తన సమయం తాను తీసుకోవాలి.

*కరివేపాకు మీది పురుగు.* కొన్ని సీతాకోకచిలుకలు కరివేపాకు, నిమ్మ లాంటి మొక్కల లేతాకుల మీదే గుడ్లు పెడతాయి. గుండుసూది తలంత, లేత పసుపు రంగులో ఉంటాయి. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికి వస్తుంది. మొదట్లో అచ్చం పిట్టరెట్టలాగే ఉంటుంది, అందుకే పిట్టలు దాన్ని వదిలేస్తాయి. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటిది బయటికి పొడుచుకొచ్చి ఘాటు వాసన కొడుతుంది. పిల్లలకు ఇది పండగే. రెండు మూడు వారాలకు నడుముకు పట్టుదారం కట్టుకుని కొమ్మకు ఆనుకుని గూడైపోతుంది. ఇంకో పది పదిహేను రోజులకు, ఎక్కువగా పొద్దున్నే, తడి రెక్కలతో సీతాకోకచిలుక వస్తుంది. రెక్కలు ఆరడానికి గంట పైనే పడుతుంది, ముట్టుకోనివ్వకండి.

పురుగులు ఆకులన్నీ తినేస్తున్నాయని మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. ఒక కొమ్మ వాటికి, మిగతాది పప్పు పోపుకి అని ఒప్పందం చేసుకున్నాం. పొలం మూలలు కోయకుండా బీదలకు వదలమన్న ధర్మశాస్త్రం (లేవీయకాండము 19:9) గుర్తొచ్చి ఆవిడే నవ్వారు. ఒళ్లంతా నూగున్న గొంగళిపురుగు వేరు, దాన్ని తాకితే దురద, దద్దుర్లు వస్తాయి. ఈ తేడా పిల్లలకు ముందే చూపించండి.

సీతాకోకచిలుకను పునరుత్థానానికి గుర్తుగా చెప్పే అలవాటు సండే స్కూల్లో ఉంది. నాకు అది అంత నచ్చదు. గూడులో పురుగు చనిపోలేదు, మారింది. చావు గురించి చెప్పడానికి యేసు గోధుమగింజను తీసుకున్నాడు (యోహాను 12:24), నేనూ గింజతోనే చెప్తాను.

*ఆవగింజ.* కొబ్బరి చిప్పకు అడుగున కన్నం పెట్టి, మట్టి నింపి, పిల్లల చేత పది ఆవాలు చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలొస్తాయి. పక్కన ఇంకో చిప్పలో మెంతులు వేస్తే నెల తిరక్కుండా పప్పులోకి మెంతికూర వస్తుంది. అన్నం తినని పిల్లలు కూడా తాము వేసిన కూర తింటారు. ఆవగింజ చెట్టంత పెరిగి, దాని కొమ్మల్లో పక్షులు నివసిస్తాయని యేసు చెప్పిన ఉపమానం వినిపించండి. ఆవ మొక్క పిల్లల నడుము దాకా పెరిగాక "దీని మీద పక్షులు ఎలా కూర్చుంటాయి?" అని అడుగుతారు. యేసు తిరిగిన దేశంలో ఆవ మొక్కలు మనిషి ఎత్తు దాటి పెరుగుతాయని చెప్పండి.

తల్లిదండ్రులకు మాత్రం ఇంకో ఉపమానం ఉంది, మార్కు 4వ అధ్యాయంలో. విత్తినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, వాడికి తెలియకుండానే విత్తనం మొలుస్తుంది, మొదట మొలక, తర్వాత వెన్ను, ఆపైన వెన్నులో ముదురు గింజ. వరి పండే ఊళ్లో పుట్టినవాళ్లకు వెన్ను అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పెద్దదానికి ఐదేళ్లు వచ్చినా ప్రార్థనలో కుదురుగా కూర్చోవడం లేదని బెంగపడ్డ రోజుల్లో ఈ మాట నన్ను నిద్రపోనిచ్చింది. విత్తినవాడు నిద్రపోయాడని అక్కడే రాసుంది కదా.

*ఆరుద్ర పురుగు.* తొలకరి పడ్డాక రెండు మూడు రోజులే కనపడుతుంది, ఎర్రటి మఖ్మల్ ముక్కలా. కాళ్లు లెక్కపెట్టించండి, ఎనిమిది. అరచేతిలో నడిపించి మళ్లీ మట్టిలో వదిలేయండి. అగ్గిపెట్టెలో దాచితే చచ్చిపోతుంది.

*చీమల బారు.* నేల మీద పోతున్న బారుకు అడ్డంగా తడివేలితో గీత గీయండి. అవి నడిచే వాసన దారి తెగిపోయి కాసేపు తికమకపడతాయి, మళ్లీ కలుపుకుంటాయి. అంతే చాలు.

*చంద్రుడు.* అన్నం ముద్ద పెడుతూ చందమామను చూపించని తెలుగు తల్లి ఉండదు. అదే సమయంలో, దేవుడు చేసిన చంద్రనక్షత్రాల గురించిన 8వ కీర్తన మూడో వచనం చెప్పండి.

అడుగు 6: వాక్యాన్ని ఇంటి మాటలో చెప్పండి

మన బైబిల్ తెలుగు అందమైనదే, కానీ నాలుగేళ్ల పిల్లకు "అవి కష్టపడవు, ఒడకవు" అంటే అర్థం కాదు. అందుకని ముందు ఇంటి మాటలో చెప్పండి: "ఈ పువ్వు నూలు వడకలేదు, షాపుకెళ్లి గౌను కొనుక్కోలేదు, అయినా చూడు ఎంత బావుందో." చెప్పేది చూసిన రోజు సాయంత్రమే, పడుకోబోయే ముందు, రెండు మూడు వాక్యాల్లో. నాలుగైదుసార్లు విన్నాక బైబిల్లో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించండి. అప్పుడు ఆ పాత మాటల్లోని నాదం వాళ్లకు నచ్చుతుంది, కంఠస్థం కూడా తేలికగా వస్తుంది.

మా వాళ్లకు బాగా ఇష్టమైనది లూకా 12:6. మత్తయిలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి, అంటే ఐదోది కొసరు. బజారులో కొసరు అడిగే మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఖరీదే లేని ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరచిపోడు. మూకుడు దగ్గరికి పిచ్చుకలొస్తే పెద్దది ఐదోదాన్ని వెతుకుతుంది.

అడుగు 7: లోపలికి వచ్చేటప్పుడు కాళ్లు కడగండి

మట్టిలో ఆడిన పిల్లల్ని తిట్టుకుంటూ బాత్రూంలోకి లాక్కెళ్లే బదులు, పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి, మీరు కింద కూర్చుని, చెంబుతో నీళ్లు పోసి ఒక్కో వేలు సందు తోమండి. చేతులు సబ్బుతో తప్పకుండా కడగాలి, మట్టిలో నులిపురుగుల గుడ్లుంటాయి. చివరి రాత్రి పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగి, తువాలుతో తుడిచిన గురువు మనకున్నాడు. మట్టల ఆదివారం తర్వాత వచ్చే గురువారం మేం దీన్ని కాస్త నిదానంగా చేస్తాం. నాన్న కాళ్లు పెద్దది కడుగుతుంది, దాని కాళ్లు నాన్న కడుగుతాడు. మిగతా రోజుల్లో మాటలుండవు, నీళ్ల చప్పుడే.

చావు ఎదురైనప్పుడు

పెరట్లో ఆడే పిల్లలకు చావు తప్పకుండా కనపడుతుంది. అమ్మ వాళ్ల ఊళ్లో ఆ కోడిపిల్లల్లో ఒకదాన్ని రాత్రి పిల్లి పట్టుకుపోయింది. పొద్దున ఈకలు మాత్రమే మిగిలాయి. "ఎక్కడికో ఎగిరిపోయింది" అని అబద్ధం చెప్పబోయాను, నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

ఇలా చేయండి. నిజం చిన్న మాటల్లో చెప్పండి: "చనిపోయింది. ఇక లేవదు." "నిద్రపోయింది" అనకండి, పిల్లలకు నిద్రంటే భయం పడుతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి. లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతణ్ని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. చిన్న గొయ్యి తీసి పూడ్చి, మీద ఒక పువ్వు పెట్టండి. చచ్చిన పక్షిని మాత్రం వట్టి చేత్తో ముట్టుకోవద్దు, కవరు తొడుక్కోండి.

"దేవుడు ఎందుకు ఆపలేదు?" అని అడుగుతారు. నాకు జవాబు రాదు, పెద్దదానికీ అదే చెప్పాను. మత్తయి 10:29లో పిచ్చుకలు నేల మీద పడవని లేదు, తండ్రి లేకుండా పడవని ఉంది. "అది పడినప్పుడు దేవుడు దాని దగ్గరే ఉన్నాడు" అన్నాను. ఆ రాత్రి తనంతట తానే ప్రార్థన చేసింది, కోడిపిల్ల కోసం, తర్వాత పిల్లి కోసం కూడా.

నాన్నలకు ఒక మాట

ఇదంతా అమ్మల పని అనుకునే నాన్నలకు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ మాట చెప్పాలి. 1522లో వివాహ జీవితం గురించి రాస్తూ ఆయన, బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి ఊరు నవ్వొచ్చు గానీ, అతడు అది విశ్వాసంతో చేస్తుంటే దేవుడు తన దూతలందరితో కలిసి సంతోషంగా నవ్వుతాడని రాశాడు. అప్పటికి ఆయనకు ఇంకా పెళ్లి కూడా కాలేదు, 1525లో అయింది. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన నాటి నుంచి గుంటూరు సీమలో లూథరన్ సంఘాలున్నాయి, లూథర్ పేరు మనకు కొత్త కాదు. ఈ మాట మాత్రం ప్రసంగాల్లో నేను ఎప్పుడూ వినలేదు. మా ఆయనకు చదివి వినిపించాక రాత్రి 10 దాటాక చిన్నవాడి గుడ్డలు ఆయనవే.

ఉద్యోగం చేసే అమ్మలకు రోజూ పెరట్లో గంట కుదరదు. సాయంత్రం 15 నిమిషాలు, ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అరగంట చాలు. ఇంట్లో నాయనమ్మలు, తాతయ్యలు ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించండి. ఏ మొక్క ఏమిటో, ఏ పిట్ట ఏమిటో మనకంటే వాళ్లకే తెలుసు.

కుదరని రోజుల కోసం

పిల్లలిద్దరికీ జ్వరం, కరెంటు లేదు, పనమ్మాయి రాలేదు. అలాంటి రోజున ఈ అడుగుల్లో ఒక్కటీ జరగదు. ఆ రోజు నేను 131వ కీర్తన ఒక్కటే తలుచుకుంటాను. మూడే మూడు వచనాలు. పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఎలా ఉంటాడో నా ప్రాణం అలా ఉందంటాడు దావీదు. పాలు మానిన బిడ్డ దేనికోసమూ వెతకడు, ఊరికే ఒళ్లో ఉంటాడు. నేను కూడా అంతే, ఏమీ అడగను.

పోయిన వారం అలాంటి రోజే గడిచింది. సాయంత్రం ఎప్పుడైందో కూడా చూడలేదు. జ్వరం కాస్త తగ్గిన పెద్దది దుప్పటి కప్పుకుని మెల్లగా పెరటి తలుపు దాకా వెళ్లి, తలుపు పట్టుకుని నిలబడి, అక్కడి నుంచే పిలిచింది. "అమ్మా, చంద్రకాంత విచ్చింది." చిన్నవాణ్ని భుజాన వేసుకుని వెళ్లాను. మూకుడులో నీళ్లు లేవు. చెంబుతో తెచ్చి పోశాం.